లీడ్ గారిని కొట్టని రాక్షసులు

ఆ రోజుల్లో నేను శ్రద్ధగా చేసిన పని ఏదైనా ఉందంటే అది భయపడటమే. అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో కొత్తగా ఉద్యోగం, నా వీసా ఎక్స్‌టెన్షన్‌కి మా టీమ్ లీడ్ గారు ఒక మంచి మాట రాయాలి. ఆయన దగ్గితే చాలు, నేను మంచినీళ్లు పట్టుకుని నిలబడేదాన్ని. అలాంటి నేను శనివారం మధ్యాహ్నాలు మాత్రం రాక్షసులను నడిపేదాన్ని. మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో బల్ల చుట్టూ కూర్చుని డైస్ వేస్తూ ఆడే కథల ఆట అది. తలా ఒక వీరుడి పాత్ర తీసుకుంటారు. ఎదురొచ్చే రాక్షసులు ఎటు వెళ్తారో, ఎవరిని కొడతారో చెప్పడం నా వంతు. (ఇలాంటి విద్య ఒకటి నాకు వచ్చని మా అమ్మకు ఈనాటికీ తెలియదు.)

లీడ్ గారి పదిహేనేళ్ల అమ్మాయి కూడా మాతో ఆడేది. తనది గాయాలు మాన్పే వైద్యురాలి పాత్ర, ఒంట్లో బలం తక్కువ. రెండేళ్లుగా ఆ పాత్రను ప్రాణంగా పెంచుకుంటోంది. ఒక శనివారం పిల్లను దింపడానికి వచ్చిన లీడ్ గారు వెళ్లిపోకుండా గుమ్మంలోనే నిలబడ్డారు. "నేనూ ఆడొచ్చా అమ్మా? ఇంట్లో అయితే ఇది నాతో మాట్లాడదు" అన్నారు నవ్వుతూ. ఆ నవ్వు చూసి వద్దనడానికి ఎవరికీ మనసు రాలేదు. పెద్ద డాలు పట్టుకునే యోధుడి పాత్ర ఏరి కోరి తీసుకున్నారు. ముందు నిలబడి వెనకవాళ్ల దెబ్బలు తను తినడమే ఆ యోధుడి పని. "దీని ముందు నేనుంటాను" అన్నారు. పిల్ల కళ్లు తిప్పుకుంది.

ఇక చూడండి నా అవస్థ! సోమవారం పొద్దున ఎవరి ముందు చేతులు కట్టుకుని నిలబడాలో, శనివారం ఆయన నెత్తిన గదతో మోదమంటే నా వల్ల అవుతుందా? అందుకని నా రాక్షసులు ఆయన దగ్గరికి రాగానే మర్యాదగా పక్కకు తిరిగి, చుట్టూ వెళ్లి, వెనకున్న పిల్లను కొట్టేవాళ్లు. అడిగినవాళ్లకు నా దగ్గర సమాధానం సిద్ధం: "తెలివైన రాక్షసుడు డాలు జోలికి ఎందుకెళ్తాడు? వైద్యురాలినే ముందు పడగొడతాడు." ఆ మాటలో కొంత నిజం ఉంది కూడా. తనను దాటిపోయే రాక్షసుడికి ఆ యోధుడు ఒక దెబ్బ వేయవచ్చనే నియమం మాత్రం నేను ఆయనకు చెప్పలేదు. డైస్ సరిగ్గా పడకపోతే ఆయన పరువేం కాను?

మూడో శనివారానికి వైద్యురాలు నేలకూలింది. ఇంకొక్క దెబ్బ పడితే రెండేళ్ల పాత్ర శాశ్వతంగా పోతుంది. పిల్ల తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, నువ్వు ఊరికే నిల్చున్నావ్. ఇట్స్ నాట్ హెల్పింగ్. నెక్స్ట్ వీక్ నువ్వు రావద్దు, ప్లీజ్."

లీడ్ గారి ముఖం చిన్నబోయింది. నాకు ఆ క్షణాన బల్ల కిందకు దూరిపోవాలనిపించింది. మాతోపాటు ఆడుతున్న నా వరంగల్ రూమ్మేట్ ఇక ఆగలేకపోయింది. "ఏందే, నీ రాక్షసులకు సార్ కనవడ్తలేడా? సార్, మిమ్మల్ని దాటి పోతుంటే మీరు కొట్టొచ్చు. ఇది చెప్తలేదు!"

ఆయన నావైపు తిరిగారు. "తెలివి కాదమ్మా ఇది, భయం. నన్ను చూస్తే నీకు సోమవారం గుర్తొస్తోంది. ఇక్కడ నేను లీడ్‌ని కాదు, దాని నాన్నని. నన్ను కొట్టు!"

అని డైస్ విసిరారు. దాటిపోతున్న రాక్షసుడి వీపున దెబ్బ గట్టిగా పడింది. అప్పుడు గానీ నేను నిజంగా ఆలోచించలేదు: ఇలా కొట్టేవాడికి వీపు చూపించే రాక్షసుడు తెలివైనవాడు ఎలా అవుతాడు? నా రాక్షసుడు వెనక్కి తిరిగాడు. గద ఎత్తాడు. "సారీ సార్" అని నేను, ధన్ అని గద. ఆయన పాత్రకు ప్రాణం అంతంతమాత్రం మిగిలింది.

"హమ్మయ్యా, తగిలింది!" అని లీడ్ గారు చప్పట్లు కొట్టారు. ఆ సందులో మా రూమ్మేట్ పాత్ర వైద్యురాలిని పక్కకు లాగి కాపాడింది. పిల్ల కుర్చీ లాక్కుని తండ్రి పక్కన చేరింది. "నాన్నా, మళ్లీ వస్తాడు. డాలు పైకి పెట్టు. నో, ఇలా!" అంటూ ఆయన చెయ్యి పట్టుకుని చూపించింది.

సోమవారం ఆయన క్యాబిన్‌కు పిలిస్తే, నా వీసా గంగలో కలిసిందనుకుంటూ నోట్‌బుక్ పట్టుకుని వెళ్లాను. ఆయన తలుపు వేసి, గొంతు తగ్గించి అన్నారు: "ఇంటికెళ్లేదాకా కార్‌లో ఆపకుండా మాట్లాడిందమ్మా. ఎన్నాళ్లయిందో! ఈ శనివారం ఇంకాస్త గట్టిగా కొట్టు."

నేను నోట్‌బుక్ తెరిచి, పెన్ను మూత తీసి, "అలాగే సార్. ఎంత గట్టిగా సార్?" అని అడిగాను. నోట్‌బుక్‌తో నిలబడ్డ ఆనాటి నన్ను ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.