పెరుగూ పంచదారా తిని పరీచౌక్‌కి

ముందే చెప్పేస్తున్నాను: పాసయ్యాను! మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేనే. ఎర్ర రక్తకణంలోకి గ్లూకోజు ఎలా వెళ్తుందో నా సొంత రక్తంతో చూపించి వచ్చాను. లక్ష్మీనగర్ నుంచి గ్రేటర్ నోయిడా వెళ్లేవాళ్లకి పనికొస్తుందని దారి కూడా చెప్తాను.

చివరి ప్రాక్టికల్ పరీక్షకి ఉదయం ఏడుంపావుకి బయల్దేరాను. ‘రక్తం ఇచ్చేవారు ఖాళీ కడుపుతో రావాలి’ అని కాలేజీ ల్యాబ్ వరండాలో నోటీసు చూశాను కాబట్టి మంచినీళ్లే తాగాను. గుమ్మం దగ్గర నేనుండే పీజీ హాస్టల్ ఆంటీ గిన్నె పట్టుకుని నిలబడింది. పరీక్షకి వెళ్లేవాళ్లని పెరుగూ పంచదారా పెట్టకుండా గడప దాటనివ్వదు.

"ఆంటీ, ఆజ్ నహీ..." అనడానికి నోరు తెరిచాను. చెంచా లోపలికి వెళ్లిపోయింది. వద్దనేలోగా రెండోది.

"అబ్ ఠీక్ హై. జా, బేటా!"

ఇక నా డిగ్రీ పోయినట్టే అనుకున్నాను.

లక్ష్మీనగర్ నుంచి నోయిడాకి నేరుగా మెట్రో లేదు. ఒక స్టేషను వెనక్కి, యమునా బ్యాంకుకి వెళ్లి మారాలి. అక్కడ నేను రైలెక్కలేదు, జనమే ఎక్కించారు. సెక్టార్ 52లో దిగి, కొంచెం నడిచి, సెక్టార్ 51లో వేరే టికెట్ తీసుకుని ఆక్వా లైన్ ఎక్కాను. ఎనిమిదిన్నర. సీట్లు చాలావరకు ఖాళీ.

అమ్మకి ఫోన్ చేశాను. "అమ్మా, పరీక్షలో రక్తం ఇవ్వాలి, పంచదార తినేశానే!"

"తింటే తిన్నావులే, దానికి ఏడుపెందుకే?"

ఎదుటి సీట్లో పెద్దాయన పేపర్ దించారు. కాకినాడాయన. ఇక్కడే సెంట్రల్ గవర్నమెంట్‌లో చేసి రిటైరయ్యారట. "ఎన్ని చెంచాలమ్మా?"

"రెండంకుల్."

"లెగమ్మా. పదేళ్లబట్టి నాకు షుగరు. నడిస్తేనే దిగుద్ది."

రైల్లోనే నడిచాం. మొదటి పెట్టె నుంచి నాలుగో పెట్టెకి, మళ్లీ వెనక్కి. నడుస్తూనే పాఠం చెప్పాను: కణం చుట్టూ ఉండేది కొవ్వు పొర, గ్లూకోజు దాన్ని తనంతట తాను దాటలేదు. పొరలో ఒక ప్రోటీన్ ఉంటుంది. బయటికి తెరుచుకుంటుంది, గ్లూకోజు వచ్చి కూర్చుంటుంది, అప్పుడది లోపలివైపు తెరుచుకుంటుంది. ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి. శక్తేమీ ఖర్చుకాదు.

"ఇన్సులిన్?"

"ఎర్ర కణానికి అక్కర్లేదంకుల్."

"మరి నాకేంటమ్మా ఈ ఖర్మ!"

గార్డు అడ్డొచ్చాడు. "అంకుల్‌జీ, యే పార్క్ నహీ హై."

"బచ్చీ కా పేపర్ హై!"

"అచ్ఛా?" పరీక్ష అనగానే గార్డు పక్కకి తిరిగి అరిచాడు: "సబ్ లోగ్ పైర్ అందర్!" అందరూ కాళ్లు ముడుచుకున్నారు. ఆఫీసు బ్యాగు వేసుకున్న ఒకావిడ ఎందుకని కూడా అడక్కుండా మా వెనకే నడవడం మొదలెట్టింది.

గ్రేటర్ నోయిడాలో మా కాలేజీకి దగ్గరి స్టేషను పరీచౌక్‌లో తొమ్మిదింపావుకి దిగాను. ఈ-రిక్షాకి ఇరవై రూపాయలు. ల్యాబ్‌లో మేడమ్‌కి ఏడుపు గొంతుతో నిజం చెప్పేశాను.

"ఆ నోటీసు పక్క ల్యాబ్‌ది," అన్నారావిడ. "మనం కణాల్ని మూడుసార్లు కడిగి, ఉన్న గ్లూకోజంతా తీసేశాకే మొదలుపెడతాం. నువ్వు లడ్డూలు తిన్నా ఒకటే. తినకుండా వచ్చుంటే సూది గుచ్చగానే పడిపోయేదానివి."

గోరువెచ్చగా ఉంచిన కణాల్లోకి గ్లూకోజు బాగా వెళ్లింది, ఐసులో పెట్టినవాటిలోకి కొంచెమే. అచ్చం పుస్తకంలో ఉన్నట్టే! మేడమ్ సంతకం పెట్టారు.

తిరుగు రైల్లో కాళ్లు చాపుకుని కూర్చున్నాను. హాయైన ప్రయాణం. కూర్చుంటే ఇంకా హాయి. నాలుగింటికి పీజీ చేరేసరికి ఆంటీ అదే చెంచాతో గుమ్మంలో ఉంది.

"దేఖా? దహీ-చీనీ కా కమాల్!"

దాని మహిమంతా ల్యాబ్‌లో మూడుసార్లు కడిగేశారని చెబుదామనుకున్నాను. నోరు తెరిచాను. పెరుగూ పంచదారా లోపలికి వెళ్లిపోయాయి, నా శక్తేమీ ఖర్చుకాకుండానే.