అప్‌డేటు మీద ముహన్నా పగ

హుజైర్ గ్రామంలో నీటివంతులు చూసే నీరుగంటి ముహన్నా బిన్ రషూద్‌కు ఈ భూమ్మీద ఒకే ఒక్క శత్రువు. ఆ శత్రువు పేరు అప్‌డేటు. ముహన్నా ఎన్నడూ "అప్‌డేటు వచ్చింది" అనలేదు. "వాడు వచ్చాడు" అనేవాడు. వాడు గోడ దూకి వచ్చే దొంగ. పిలవని పెళ్ళికి వచ్చి పలావులో ఉప్పు చూసే చుట్టం. నిక్షేపంలా నడుస్తున్న ఒంటెకు కాలు సరిచేస్తానని బయలుదేరే వైద్యుడు.

చావడిలోకి ఎవరు అడుగుపెట్టినా "కబుర్లేమిటి" అని అడగడమూ, "ఏమీ లేవు, అంతా క్షేమం" అని బదులు చెప్పడమూ మర్యాద. ఇల్లు కాలి వచ్చినవాడైనా ముందు ఏమీ లేవని చెప్పి, కాఫీ తాగి, ఖర్జూరం నమిలి, అప్పుడు ఇల్లు కాలిందని చెప్పాలి. ముహన్నా ఒక్కడే ఆ మర్యాద పాటించేవాడు కాదు. గుమ్మంలోనే చెప్పులు విసిరికొట్టి, "వాడు మళ్ళీ వచ్చాడు" అనేవాడు. అంటే చావడి బయట నీటివంతులు చూపించే తెర ఆరిపోయిందని ఊరికి అర్థం.

ఈ పగకు మూలపురుషుడు కాలవ పెద్ద జాహిర్ బిన్ హమూద్. ఆ మాట జాహిరే గర్వంగా చెప్పుకునేవాడు. ఊరిబడిలో ఆరో తరగతి మాత్రమే చదివి, పట్నంలో అధికారి బల్ల ముందు నుంచి లేవకుండా కూర్చుని ఊరికి కరెంటు స్తంభాలు సాధించినవాడు ఆయన. వరదకు కొట్టుకుపోయిన పెద్ద తూమును పండగ తెల్లారేసరికి నిలబెట్టినవాడు ఆయన. కొండ కడుపులో పుట్టే హుజైర్ కాలవకు దాదాపు ఊరి చివరిదాకా సిమెంటు వేయించినవాడు ఆయన. ఈ మూడూ విన్నాక ఎవరైనా లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి నాలుగోది చెప్పేవాడు: చావడి గోడకు తెర పెట్టించినవాడు కూడా ఆయనే.

తెర రాకముందు హుజైర్‌లో నీటివంతులను నీడకర్ర కొలిచేది. చావడి ముందు ఆరుబయట పాతిన కర్ర, దాని కింద నేలలో దిగేసిన రాళ్ళ వరస. నీడ ఒక రాయి దాటితే ఒకరి వంతు అయిపోయినట్టు, ఇంకొకరిది మొదలైనట్టు. దాటిందా లేదా అని తీర్పు చెప్పే పని ముహన్నాది, అంతకుముందు వాళ్ళ నాన్నది, ఆ ముందు వాళ్ళ తాతది. జాహిర్ వచ్చి, లోకం ఇంత ముందుకు పోతుంటే మనం ఇంకా పుల్ల పట్టుకు వేలాడుతున్నామన్నాడు. చావడి లోపలి గదిలో కంప్యూటరు పెట్టించి, బయటి గోడకు మంచమంత తెర తగిలించి, రెంటినీ ఒక చిన్న డబ్బీతో కలిపించాడు. కంప్యూటరు ఒక కంపెనీది, తెర ఇంకో కంపెనీది, డబ్బీ దుబాయి బజారులో చవగ్గా దొరికిన మూడో కంపెనీది. ఎవరి వంతు నడుస్తోందో, ఇంకెంతసేపు ఉందో తాటికాయలంత అక్షరాలతో కనబడేది. క్షణం తేడా ఉండేది కాదు.

అయితే కంప్యూటరుకు అప్‌డేటు వచ్చినప్పుడల్లా ఆ మూడో కంపెనీ డబ్బీ చచ్చేది. లోపల కంప్యూటరు కొత్త పెళ్ళికొడుకులా వెలుగుతూనే ఉండేది. బయట తెర మాత్రం మాడిన పెనంలా నల్లబడేది. డబ్బీ కంపెనీవాళ్ళు విరుగుడు పంపేసరికి వారాలు పట్టేది. లోపల గంట చూసి వచ్చి బయట చెబితే సరిపోదా అంటే, సరిపోదు. నీటి గంట ఆకాశం కింద కనబడాలి. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ పక్కపక్కన నిలబడి ఒకేసారి చూడాలి. నాలుగు గోడల మధ్య చూసిన గంటను హుజైర్‌లో కన్నకొడుకు చెప్పినా ఒప్పుకోరు. కాబట్టి తెర ఆరిన రోజున మళ్ళీ కర్రే రాజు, ముహన్నాయే మంత్రి.

మంత్రి పదవి వచ్చిందని ముహన్నా సంతోషించాడా? లేదు. కర్ర పక్కన గొంతుక్కూర్చుని నీడను చూస్తూ వాణ్ణి తిట్టేవాడు. "నీ ఖర్జూరం పురుగుపట్ట. నీ మేక నీ గడ్డమే మేయ. నీ కూతురి పెళ్ళినాడు నీ డబ్బీ ఆరిపోను" అని. ఆ తిట్లు వినడానికి పక్క ఊళ్ళవాళ్ళు పనిగట్టుకుని వచ్చేవాళ్ళు. బడిపిల్లలకు ఆ తిట్లు పాఠాలకన్నా ముందు వచ్చాయని పంతులు జాహిర్‌తో మొరపెట్టుకున్నాడు.

కంప్యూటరుతో మొదలైన పగ క్రమంగా ముహన్నా సంసారానికీ పాకింది. ముందుపళ్ళు రెండు ఊడితే కొడుకులు పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. కుర్చీలో పడుకున్నాక కొత్త పళ్ళు ఎక్కడ తయారయ్యాయని అడిగాడు. ఏదో దేశం పేరు చెప్పారు. "దవడ ఒక కంపెనీది, పళ్ళు ఇంకో కంపెనీది. రేపు దవడ మారిస్తే ఎవడిది పూచీ?" అని లేచి వచ్చేశాడు. మనవరాలికి సముద్రం ఒడ్డు ఊరి నుంచి సంబంధం వస్తే, కుర్రాడు మంచివాడే కానీ బయటి కంపెనీవాడు, కొన్నాళ్ళు మన పొయ్యికి కలుపుకుని చూసి అప్పుడు మాటివ్వాలన్నాడు. ఆ కుర్రాడు ముహన్నా ఇంట్లో రెండు పూటలు తిని, మూడో పూట చేపలు తనే వండిపెట్టాడు. అప్పుడు గానీ పెళ్ళికి ఒప్పుకోలేదు.

ఇంత పౌరుషమున్నవాడికి ఒక్క లోపం. తన నీటివంతుకు తనే ఆలస్యంగా వచ్చేవాడు. ముహన్నా వంతు జువైనా అనే ఆవిడ వంతు తరవాతది. ఆ ఇద్దరి తోటలకూ నీళ్ళు పంచే తూము చావడి ఆవరణకు ఆనుకునే ఉంది. తెర మీద జువైనా వంతు సున్నాకు వచ్చే వేళకు ముహన్నా పార మరిచి వచ్చేవాడు, చెప్పు తెగిందనేవాడు, మేకను వెతకబోయానని చెప్పేవాడు. "ఉండమ్మా, పార తెచ్చుకుంటా, అందాకా పారనీ" అనేవాడు. ఆమె వినేది కాదు. "నీ నీళ్ళు నీకు, నా నీళ్ళు నాకు, మామా" అని రాతిపలకకు గోనెగుడ్డ చుట్టి, తూము మూసి, కొంగు దులుపుకుని పోయేది. నీరుగంటి తోటలోనే చెట్లు బక్కచిక్కి ఉంటాయని, వైద్యుడి ఇంట్లోనే దగ్గు వినబడుతుందని ఊరు నవ్వేది. ఊరందరికీ గడియారం నేర్పిన తనకు ఇలాంటి నీరుగంటి దొరకడం జాహిర్‌కు నామర్దాగా ఉండేది.

జువైనా సంగతి కూడా చెప్పాలి. మొగుడు పోయాక తోట తనే చేసుకుంటున్న మనిషి. అన్నలు సాయానికి వస్తే భోజనం పెట్టి పంపేసింది. పక్కింటివాళ్ళు ఎరువు బస్తా పంపితే, ఆ బస్తా మీద హల్వా పళ్ళెం పెట్టి తిప్పి పంపింది. ఆమె తోట కాలవ కొసన ఉంది. జాహిర్ సిమెంటు ఆ కొసకు చేరకముందే ఆగిపోయింది. ఆ మట్టికాలవ దారిలోనే సగం నీళ్ళు తాగేసేది. తెర వచ్చిన దగ్గర నుంచి ఆమె ఖర్జూరపు చెట్లు పచ్చికాయలే రాల్చడం మొదలుపెట్టాయి. ఆ వేసవి కాయ నిలవకపోతే తోట మరిదికి అప్పగించి అన్నల ఇంటికి పోక తప్పదని ఊరందరికీ తెలుసు. ఆమె మాత్రం ఒక్కరితోనూ ఆ మాట అనలేదు. కాలవ పెద్దకు కూడా తెలుసు. కానీ తెరకు చుట్టరికాలు లేవు, గంటకు జాలి లేదు, న్యాయమంటే అదేనని ఆయన చావడిలో అప్పటికే చాలాసార్లు సెలవిచ్చి ఉన్నాడు.

ఆ వేసవిలో వాడు మరీ పెచ్చుమీరిపోయాడు. ఇలా తెర బాగవడమేమిటి, అలా వాడు రావడమేమిటి. పక్క ఊరివాళ్ళు జాహిర్ తెరను చూసి మేకతోలు ఆరేశారా అని అడిగారు. జాహిర్ రోషపడి, పట్నంలో ఆ విద్య తెలిసిన అయ్‌హమ్ అనే కుర్రవాడికి కబురు పెట్టాడు. ఇక జన్మలో అప్‌డేటు రాకుండా కంప్యూటరు నోరు కట్టేయిస్తానని చావడిలో ప్రకటించాడు. "ముహన్నా, నీ శత్రువు పని గురువారంతో సరి" అని భుజం తట్టాడు.

చావడి అంతా ముహన్నా వైపు చూసింది. కాఫీ చాలని కప్పు ఊపడం ముహన్నా మరిచిపోయాడు. పోసేవాడు పోస్తూనే ఉన్నాడు, ఆయన తాగుతూనే ఉన్నాడు. సంతోషంతో మాట రాలేదని అందరూ అనుకున్నారు.

బుధవారం మధ్యాహ్నం ఊరంతా తలుపులు మూసుకుని కునుకు తీస్తున్న వేళ, చేతికర్ర మరిచిపోయిన జాహిర్ దానికోసం చావడికి వచ్చాడు. లోపలి గదిలోంచి తిట్లు వినబడ్డాయి. వాడు పట్టపగలే దిగాడన్నమాట అనుకుని కిటికీలోంచి తొంగి చూశాడు.

ముహన్నా కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. ముక్కు కొసన కళ్ళద్దాలు. "నీ కొంప కూల, మళ్ళీ వచ్చావా" అని వీధి చివరికి వినబడేలా అరిచాడు. అరుస్తూనే, చూపుడువేలితో గుర్తులు వెతుక్కుంటూ, అప్‌డేటు మీట తనే నొక్కాడు. తరవాత గొంతు తగ్గించి, పసిపిల్లకు గోరుముద్ద పెట్టేవాడిలా, "రా నాయనా, త్వరగా రా. రేపు ఆ కుర్రాడు వచ్చేస్తాడు. ఈ కోత ఒక్కటి దాటించు తండ్రీ" అన్నాడు.

జాహిర్ తలుపు తోసుకుని వచ్చాడు. ముహన్నా ఉలిక్కిపడలేదు, లేవనూలేదు.

"వాడు నువ్వేనా?" అన్నాడు జాహిర్.

"నేనే. అయితే?"

"ఊరి నీళ్ళతో ఆటలాడతావా?"

"ఊరి నీళ్ళు ఎవడు ముట్టాడయ్యా? నీడ చదివేటప్పుడు ఆ జువైనా పిల్ల వంతు కాస్త సాగదీస్తాను. ఆ సాగేది నా వంతులోంచి. ఇంకెవడిదైనా చుక్క తగ్గిందేమో అడిగి రా."

బక్కచిక్కిన నీరుగంటి తోట జాహిర్ కళ్ళముందు మెదిలింది. "నీ చెట్లు ఎండగట్టుకుంటున్నావు కదయ్యా."

"అవి ముసలి చెట్లు. నీళ్ళెక్కువైతే వాటికి కీళ్ళనొప్పులు."

"ఇచ్చేదేదో ఎదురుగా ఇవ్వకూడదూ?"

"ఇచ్చి చూడు, హల్వా పళ్ళెం తిరిగొస్తుంది. నీ తెర మీద సున్నా కనబడగానే తూము తనే మూసేస్తోంది. కర్ర దగ్గరైతే నా మాట మీద నిలబడాలి." ముహన్నా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేరమంటావా, పంచాయతీ పెట్టు. అందరి ముందూ చెబుతాను, మళ్ళీ నొక్కుతాను. కానీ ముందు నువ్వొకటి చెప్పు జాహిర్. నీ సిమెంటు ఎక్కడ ఆగింది?"

ఎన్నేళ్ళుగానో "దాదాపు" అనే మాట తన నోట ఎంత నున్నగా దొర్లుతోందో జాహిర్‌కే అప్పుడు తెలిసింది. కంప్యూటరు మీద చిన్న చక్రం తిరుగుతూ ఉంటే ఇద్దరు ముసలివాళ్ళూ దానివైపే చూస్తూ కూర్చున్నారు. అది ఆగింది. బయట తెర ఆరిపోయింది. జాహిర్ చేతికర్ర తీసుకుని ఇంటికి పోయాడు.

గురువారం అయ్‌హమ్ వచ్చాడు. వంతులవాళ్ళంతా చావడిలో చేరారు. జువైనా కూడా వచ్చి ఆడవాళ్ళ వైపు గుమ్మం పక్కన నిలబడింది. అరగంటలో తెర వెలిగిస్తానని, ఆపైన అప్‌డేటు అనేది ఈ గడప తొక్కకుండా కట్టేస్తానని ఆ కుర్రవాడు చెప్పాడు. కట్టేయమంటావా తాతా అని ముహన్నానే అడిగాడు.

"వద్దు" అన్నాడు ముహన్నా.

చావడి గొల్లుమంది. ఇన్నాళ్ళూ తిట్టింది ఇందుకే కదా అని ఎవరో అడిగారు. ముహన్నా లేచి నిలబడ్డాడు. "శత్రువు చేతులు కట్టేసి గెలిచానని చెప్పుకోవడం మా తాతలు నాకు నేర్పలేదు. వాడు రావాలి, నేను తిట్టాలి. వాడు అలిసిపోవాలి గానీ నేను అలిసిపోను" అన్నాడు. ఊడిన పళ్ళ సందులోంచి ఆ మాటలు ఈలలు వేసుకుంటూ వచ్చాయి.

పిచ్చి ముదిరిందని నలుగురూ తేల్చారు. చివరి మాట కాలవ పెద్దది కాబట్టి ఆయన వైపు తిరిగారు. జాహిర్ గడ్డం నిమురుకున్నాడు. ఏ పనినీ రేపటికి వదలని మనిషి ఆయన.

"ఎండల్లో కొత్త పని పెట్టుకోకూడదు. తెర, కట్టేయడం, రెండూ కోతలయ్యాక. ఈలోగా ఆ కొస మట్టికాలవ కొలతలు తీసే పని ఉంది నాకు" అన్నాడు. అయ్‌హమ్‌కు మాంసం, అన్నం పెట్టి సాగనంపారు.

ఆ సాయంత్రం జువైనా వంతు. ముహన్నా ఎందుకనో నడుం పట్టుకుని, ఈ పూటకు నీడ నువ్వే చదువు, నేను పోయి నా కాలవ చూసుకుంటానని జాహిర్‌తో చెప్పి దిగిపోయాడు. జీవితంలో మొదటిసారి కాలవ పెద్ద కర్ర పక్కన గొంతుక్కూర్చున్నాడు. తూము మీద చెయ్యి వేసి జువైనా నిలబడింది. నీళ్ళు గలగలమంటూ కొసకు పోతున్నాయి.

"పెదనాన్నా, నీడ రాయి దాటినట్టుంది" అన్నదామె.

జాహిర్ వంగి చూశాడు. నీడ రాయి దాటి రెండు వేళ్ళ మేర అవతల పడి ఉంది.

"దాటలేదు" అన్నాడు.

"సరిగ్గా చూడండి."

"ఈ కాలవకు పెద్దను నేనా, నువ్వా తల్లీ? దాటలేదన్నాను కదా. పలక కింద పెట్టు."

కింద ఎండిన కాలవలోంచి ముహన్నా గొంతు వినబడింది. తన వంతు ఇంకా రాలేదా, ఈ ఊళ్ళో న్యాయమన్నది ఉందా అని రంకెలు వేస్తున్నాడు.

"నోరు మూసుకుని కూర్చో" అని జాహిర్ పైనుంచి కేకేశాడు. "గొడవ చేశావంటే ఇంకా ఆలస్యమవుతుంది."

జువైనా ఆ ఇద్దరు ముసలివాళ్ళనీ మార్చిమార్చి చూసి, పలక నేల మీద పెట్టి, దాని మీదే కూర్చుంది.