శుభ్రమైన రక్తం

నౌఫాకు మాట దాచుకోవడం తెలియదు. ఎడారి గుడారాల్లో పుట్టి, బస్సు నడిపే రాకాన్‌ను పెళ్లాడి మఆన్ పట్టణానికి వచ్చింది. మా వీధిలో ఎవరి బిడ్డ ఏడ్చినా చంకనేసుకునేది. కొడుకు తుర్కీకి నడక వచ్చాక మళ్లీ నెల తప్పింది. అప్పుడు నేనూ కడుపుతోనే ఉన్నాను. తల్లీబిడ్డల ఆసుపత్రిలో ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చునేవాళ్లం.

గర్భిణులందరికీ అక్కడ సవాయి రోగం, అంటే సిఫిలిస్ పరీక్ష చేస్తారు. నౌఫా రక్తంలో ఆ జాడ కనబడింది. నర్సు సిహామ్ ఆమెను లోపలికి పిలిచి అడగాల్సింది. వరండాలోనే అడిగేసింది.

"ఏమ్మా, చిన్నప్పుడు నీకు బజల్‌గానీ వచ్చిందా?"

నౌఫా పకపకా నవ్వింది. "రాకపోవడమేంటక్కా! గుడారాల్లో రానిదెవరికి? ఒకడి నోట్లో పుండు లేస్తే మా అమ్మ అందరికీ వాడి గిన్నెతోనే పాలు పట్టేది. ఒకేసారి వచ్చిపోతే పీడా వదులుతుందని!"

గుడారాల్లో బజల్ అంటే పిల్లలకు వచ్చే పుళ్లు. పట్టణంలో మాత్రం చెడు తిరుగుళ్ల రోగాన్ని ఆ పేరుతో పిలుస్తారు. పక్కనే ఉన్న అత్త ఉమ్ రాకాన్‌కు పట్టణం మాటే వినబడింది.

"ఎంతమందితోనే?" అంది.

"ఏంటత్తా?"

"నవ్వుతూ చెబుతోంది చూడండి, సిగ్గులేని ముండ!"

రెండు రోగాల క్రిములూ కవలల్లాంటివనీ, ఏది వచ్చిందో ఈ పరీక్ష తేల్చలేదనీ డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. రాకాన్‌కూ తుర్కీకీ కూడా పరీక్ష చేయించాడు. ఇద్దరిలోనూ ఏమీ లేదు. ఇక నౌఫా గండం గడిచిందనుకున్నాను.

"మా రక్తం శుభ్రం. మురికి ఎవరిదో తేలిపోయిందిగా!" అంది ఉమ్ రాకాన్.

"పరీక్ష అలా చెప్పదమ్మా" అన్నాడు డాక్టరు.

"పరీక్షతో నాకేం పని? అది నోటితోనే ఒప్పుకుంది."

రాకాన్ తలెత్తలేదు. తలాక్ చెప్పేటప్పుడు కూడా గోడకేసే చూశాడు. తుర్కీని ఉంచుకున్నారు. పెన్సిలిన్ సూదులు పొడిపించుకుని, కుంటుకుంటూ నౌఫా తన అన్న గుడారానికి చేరింది.

"బజల్‌కి విడాకులా?" అన్నాడట అన్న. "అయితే మా గుడారాల్లో ఒక్క సంసారమూ మిగలదు!"

అందరూ నవ్వారట. నౌఫా నవ్వలేదట.

మళ్లీ కొడుకే పుట్టాడు. పేరు సత్తాం. వాడి రక్తంలోనూ జాడ ఉంది. అది తల్లి నుంచి వచ్చిందే, రెండేళ్లు నిండేలోపు పోతుందన్నాడు డాక్టరు. "పోయాక తెండి. మా ఇంటి బిడ్డ మాకే" అని కబురంపింది ఉమ్ రాకాన్.

పాలు మాన్పించాక నౌఫా వాణ్ని పరీక్షకు తెచ్చింది. నా కూతురికి జ్వరమని ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. సిహామ్ మమ్మల్ని లోపలికి పిలిచి తలుపు వేసింది. ఇప్పుడు తెలిసింది ఆమెకు తలుపు వేయాలని.

"ఏమీ లేదు నౌఫా. వాడు శుభ్రం."

నౌఫా ఆమె చెయ్యి పట్టుకుంది. "అక్కా, కొంచెం ఉందని చెప్పరాదూ? నీ కాళ్లు మొక్కుతా."

"చెబుతా. రేపు బళ్లో వాడి పక్కన ఎవడు కూర్చుంటాడే? వాడికి పిల్లనెవరిస్తారు? నీకు పెట్టిన పేరే వాడికీ పెడతారు."

నౌఫా తలకు చుట్టుకున్న గుడ్డ అంచుతో వాడి ముక్కు తుడిచింది.

"అయితే ఉన్నదున్నట్టే చెప్పు."

బయట కాచుకుని ఉన్న ఉమ్ రాకాన్ వాడి నోరు తెరిపించి, మేకపిల్లను కొనేటప్పుడు చూసినట్టు చిగుళ్లూ నాలుకా తిప్పి చూసింది.

"బాగానే ఉన్నాడు. ఇటివ్వు."

వాడు తల్లి మెడ వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటీ నౌఫాయే విడదీసింది.

"అత్తా, నిద్రలో ఉలిక్కిపడి అమ్మా అంటాడు. అప్పుడు కాస్త..."

"అమ్మ ఉందిలే ఇంట్లో" అంది ఉమ్ రాకాన్. "పోయిన నెలే తెచ్చుకున్నాం."