బోల్టు పక్కన పసుపు

మొన్న పొద్దున వ్యాన్ కడుగుతుంటే అమ్మ పక్కింట్లోంచి వచ్చి, "జాబర్ అన్న పోయిండురా" అంది. "ముట్టి చూసినవా?" అన్నాను. అనేశాక సిగ్గేసింది. ఆ మాట నాది కాదు, పోయిన మనిషిదే.

మా నీలం నగర్‌లో మరమగ్గాలను సాంచాలంటారు, వాటిని మరమ్మతు చేసేవాణ్ని జాబర్ అంటారు. ఆ పనితోనే బతికిన మా పక్కింటి మామ ఎవరి మాటా ఊరికే నమ్మేవాడు కాదు. పెళ్లి పత్రిక ఇస్తే తేదీని క్యాలెండర్‌తో సరిచూసేవాడు. అశోక్ చౌక్‌లో టీ తాగినా ముందు గ్లాసు వాసన చూసేవాడు.

నేను చద్దర్లు, తువ్వాళ్లు వ్యాన్‌లో వేసుకుని అమ్ముతూ జాతరలు తిరుగుతాను. వంటా పడకా వ్యాన్‌లోనే. అమ్మ వెనక కూర్చుని బీడీలు చుడుతుంది. ఆమె ఇన్సులిన్ కోసమే అందులో చిన్న ఫ్రిజ్, దానికి వేరే బ్యాటరీ పెట్టించాను.

ఒకసారి దసరా తర్వాత ఆ ఫ్రిజ్ మొండికేసింది. ఇలా మొదలై అలా టక్కున ఆగేది. మీటర్ పెడితే బ్యాటరీ నిండుగానే ఉంది. ఒక జాతరలో మందు వేడెక్కిపోయింది. వాడాలో పారేయాలో తెలియక అమ్మ ఆ సీసా పట్టుకుని నా మొహంలోకి చూసింది. నాకు భయమేసింది.

ఆ వారమే ఒక తెల్లవారుజామున మామ మా వ్యాన్‌కు చెవి ఆనించి నిలబడి కనిపించాడు. ఆయనింట్లో ఇన్వర్టర్ ఉంది. ఇంకేం, దాని పాత బ్యాటరీ నాకు పెట్టి నాది మార్చేశాడనుకున్నాను! కొత్తది కొని, మూత మీద మేకుతో గీత గీశాను. అదీ అలాగే చేసింది. గీత మాత్రం అలాగే ఉంది. దీన్నీ మార్చి, అచ్చం నాలాగే గీసి పెట్టాడేమో అనుకున్నాను. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు.

అమ్మకు ఇవేవీ తెలియవు. నేరుగా మామనే పిలుచుకొచ్చింది. ఆయన బ్యాటరీ చూసి, "ఈ గీతేంది?" అన్నాడు.

"గుర్తు కోసం మామా."

"ఎవలను పట్టుకోనీకి?"

నేను మీటర్ అందించాను. ఆయన మళ్లీ అడగలేదు. మీటర్ పెట్టాడు.

"నిండుగనే ఉంది కదా?" అన్నాను.

"థాంబ్ రే, జర ఆగు. ఊకె కూసున్నప్పుడు అందరు మంచోళ్లే. బరువు మోసేటప్పుడు చూడాలె. ఫ్రిజ్ చాలూ చెయ్యి."

ఫ్రిజ్ మొదలైంది. బ్యాటరీ దగ్గర ముల్లు కదల్లేదు. ఫ్రిజ్ దగ్గర పెడితే దిగజారింది.

"బ్యాటరీల తప్పు లేదు. తొవ్వల ఎక్కడనో తింటుంది."

తెగిన పోగును వెతికినట్టు వైరును వేళ్ల మధ్య పట్టుకుని చివరిదాకా పోయాడు. ఎర్తు వైరును వ్యాన్ బాడీకి బిగించిన బోల్టు విప్పాడు. లోపల ఎండిన పసుపు, కుంకుమ, కొబ్బరినీళ్ల చిలుము! ఆయుధపూజ రోజు, పూజ లోపలిదాకా అందాలని బోల్టు విప్పి పసుపు పూసి బిగించింది నేనే.

మామ గరుకు కాగితంతో గీకి మళ్లీ బిగించాడు. ఫ్రిజ్ ఇక ఆగలేదు. అమ్మ మందు లోపల పెట్టింది. అప్పుడన్నాడు:

"ఆ పొద్దు నీ ఫ్రిజ్ టక్కుటక్కుమంటుంటే చెవి పెట్టి ఇన్న. నువ్వు చూసినవని నాకెర్కే. అనుమానం మంచిదే బిడ్డా. గని నడుమల ఆపొద్దు. నీది మా గుమ్మం కాడ ఆగిపోయింది."

తప్పయిందని అనాలి. "టీ తాగుతవా మామా?" అన్నాను. నా బతుక్కి అంతే వచ్చింది.

"దేవున్ని గీకిపారేస్తివి కదా అన్నా!" అని అమ్మ నొచ్చుకుంది. ఆయన బొటనవేలు పసుపులో ముంచి బోల్టు పక్కన నొక్కాడు. "దేవునికి జాగ ఇచ్చిన, కరెంటుకు జాగ ఇచ్చిన. ఒకని మీద ఒకడు కూసోవద్దు."

మొన్న వెళ్లి ఆయన చేయి ముట్టి చూశాను. చల్లగా ఉంది. "తప్పయింది మామా" అని చెవిలో చెప్పాను.

వ్యాన్ కడగడం ఇవాళ పూర్తి చేశాను. బ్యాటరీ మీద నా మేకు గీత ఎంత రుద్దినా పోలేదు. బోల్టు పక్కన ఆయన వేలి పసుపు మాత్రం తడి తగిలితే పోతుందని, దాని చుట్టూ పొడిగుడ్డతో తుడిచి వదిలేశాను.