గ్రేడు లేని రూపాయి

పర్వతాలు నాణేన్ని ఎప్పుడూ అంచులు పట్టుకునే ఎత్తుతాడు. దాని ముఖం మీద వేలు పడనివ్వడు, దగ్గర పెట్టుకుని ఊపిరి కూడా గట్టిగా వదలడు. రైల్వేలో రిటైరైనప్పటి నుంచి తిరుమలగిరి ఇంట్లో, కిటికీ పక్క బల్ల దగ్గర, భూతద్దంతో పాత నాణేలు చూడడమే పని. ఆ విక్టోరియా వెండి రూపాయిని ముంబైలో పాత నాణేల స్థితి చూసి గ్రేడు వేసే సంస్థకు రెండుసార్లు పంపాడు. రెండుసార్లూ ప్లాస్టిక్ డబ్బీలో బిగించి, "కడిగిన నాణెం, గ్రేడు లేదు" అని చీటీ అంటించి తిప్పి పంపారు. కడిగిన పాత నాణేనికి సేకరించేవాళ్ల దగ్గర విలువ పోతుంది. మొదటిసారి ఆ చీటీ చూడగానే మోండా మార్కెట్‌కు పోయి, తనకు దాన్ని అమ్మిన నాణేల వ్యాపారి హరికిషన్‌ను నలుగురిలో దొంగ అన్నాడు. "నేను కడగలే అన్నా, పిల్లల మీద ఒట్టు" అన్నాడు ముప్పై ఏళ్లుగా స్నేహితుడైన హరికిషన్. ఆ తర్వాత మాటల్లేవు. పోయిన నెల హరికిషన్ చనిపోతే పర్వతాలు చూడ్డానికి కూడా పోలేదు.

ఈ ఉదయం మూడోసారి పంపుదామని కటింగ్ ప్లేయరుతో డబ్బీ పగలగొట్టాడు. బియ్యం ఏరుతున్న భార్య బాలమ్మ చాట కింద పెట్టింది.

"ఎన్నిసార్లు పంపినా గంతే రాస్తరు. దాన్ని నేనే తోమిన. దీపావళికి లక్ష్మీపూజల పెడదామంటే నల్లగ ఉండె. చింతపండు, పీచుతోని తోమి మళ్ల ఆడనే పెట్టిన."

"మరి చెప్పకపోతివి?"

"చెప్దామనుకునే సరికి నువ్వు పోయి ఆయన్ని తిట్టొచ్చినవ్."

అతను భూతద్దం ఎత్తాడు. రాణి చెంప మీద సన్నటి గీతలు, పళ్లెం తోమినట్టు గుండ్రంగా ఉన్నాయి. రెండేళ్లుగా చూస్తున్నవే.

"మళ్ల పంపుతవా?" అంది బాలమ్మ.

పర్వతాలు రూపాయిని అరచేతిలోకి తీసుకుని, రాణి ముఖం మీద బొటనవేలు అదిమి, అలాగే కూర్చున్నాడు.