అత్తయ్య చెయ్యి చూసిన జ్వరాలు

ఈ మధ్య మా బెజవాడలో ఎండ సంగతి వాకిట్లోకి వెళ్ళి తెలుసుకోవడం మానేశాం, అందరం ఫోను చూసి ఉసూరుమంటున్నాం. నిన్న మధ్యాహ్నం భోజనమయ్యాక నేనూ చూశాను. నలభై రెండు డిగ్రీలని పెద్ద అంకెల్లో ఉంది. దాని కింద చిన్న అక్షరాలతో, ఒంటికి మాత్రం నలభై ఏడులా అనిపిస్తుందని రాసి ఉంది. ముప్పై ఏళ్ళకు పైగా ఆడపిల్లల బళ్ళో సైన్సు చెప్పినదాన్ని, నాకు ఒళ్ళు మండింది. అనిపించడానికి డిగ్రీలేమిటండీ! అనిపించేది వేరు, ఉన్నది వేరు అని చెప్పడానికే కదా నేను అన్ని సుద్దముక్కలు అరగదీసింది. కాసేపు నాలో నేనే గొణుక్కుని ఫ్యాను కింద నడుం వాల్చాను. పట్టీ పట్టని ఆ నిద్రలో ఫోనూ పోయింది, ఎండా పోయింది, ఎక్కడినుంచో సన్నగా వాన తుంపరా, తడికట్టెల పొగ వాసనా వచ్చాయి.

నా మొదటి ఉద్యోగం మైలవరంలో. క్రైస్తవ సంస్థవారి ఆడపిల్లల హైస్కూలు, దాని వెనకే హాస్టలు. ఆ హాస్టలుకి వార్డెను మా మేనత్త, అంటే మా నాన్నగారి అక్క. చిన్నతనంలోనే భర్త పోతే సంస్థవారు ఆ పని ఇచ్చారు, అప్పటినుంచీ వంటా ఆవిడే, కాపలా ఆవిడే, పొద్దున ప్రార్థన చదివించేదీ ఆవిడే. నేను ఆవిడ గదిలోనే ఉండేదాన్ని. శనివారం ఇంటికొచ్చి సోమవారం తెల్లవారుజామున మళ్ళీ బస్సెక్కితే, ఇబ్రహీంపట్నం దాటేసరికి థర్మల్ స్టేషను పొగ మబ్బులో కలిసిపోయి ఏది పొగో ఏది మబ్బో తెలిసేది కాదు. కొండపల్లి దగ్గర కిటికీ చువ్వలకు నుదురు ఆనించి కునుకు తీస్తే, మైలవరంలో కండక్టరు లేపేవాడు. ఇరవై రెండేళ్ళ వయసులో ఆ నిద్ర ఎంత బాగుండేదో, ఇప్పుడు తలుచుకుంటే ప్రాణం లాగుతుంది.

మా అత్తయ్య చెయ్యి గురించి చెప్పాలి. హాస్టలులో ఏ పిల్లకైనా ఒంట్లో బాగాలేకపోతే వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడాలి. ఆవిడ అన్నం గుండిగ వార్చో, పొయ్యిలో కట్టె ఎగదోసో, అలాగే వచ్చి ఆ పిల్ల నుదుటి మీద అరచెయ్యి పెట్టేది. ఉందంటే ఉన్నట్టు, లేదంటే లేనట్టు. లేదంటే ఇక జడలు వేసుకుని బడికి పోవలసిందే. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడ తీర్పు నూటికి తొంభైపాళ్ళు నిజమే, ఎందుకంటే ఆ గుమ్మం దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామందికి జ్వరం కాదు, ఇంటిమీద బెంగ. ఆ చెయ్యి కాసేపు నుదుటి మీద ఉంటే సగం బెంగ తీరిపోయేది. తల్లుల్ని వదిలి వచ్చిన పిల్లలు కదా పాపం.

ఆ ఏడు ఎనిమిదో తరగతికి ఉష్ణం, ఉష్ణోగ్రత పాఠం వానల్లో వచ్చింది. మన ఇళ్ళల్లో ఒక చిత్రం ఉంది, మీరు గమనించారో లేదో. రేడియోలో ఎండ సెంటీగ్రేడులో చెబుతారు, ఇంట్లో జ్వరం ఫారెన్‌హీటులో చూసుకుంటాం, రెండూ ఒకే వేడికి రెండు లెక్కలన్న సంగతి ఎవరికీ తోచదు. నలభై నాలుగంటే మనకు రోహిణి ఎండ, నూట నాలుగంటే మనకు మంచం. ఆ రెంటికీ చుట్టరికం కలపడానికి, తొమ్మిదితో హెచ్చవేసి అయిదుతో భాగించి ముప్పై రెండు కలపమని ఆ పిల్లల చేత వారం రోజులు వల్లె వేయించాను. వాళ్ళకి విసుగు, నాకు కొత్త ఉద్యోగపు ఉత్సాహం.

ఆ తరవాత మూడు బేసిన్ల పాఠం. ఒకదాంట్లో చెయ్యి ఓర్చుకునేంత వేణ్నీళ్ళు, ఒకదాంట్లో సోడా కొట్టు నుంచి తెప్పించిన ఐసుముక్క వేసిన నీళ్ళు, మధ్యలో మామూలు నీళ్ళు. ఒక చెయ్యి వేడిలో, ఒక చెయ్యి చల్లటిదాంట్లో కాసేపు ఉంచి, రెండూ తీసి మధ్య బేసిన్లో పెట్టాలి. అవే నీళ్ళు ఒక చేతికి చల్లగా, ఒక చేతికి వేడిగా తగులుతాయి. బయట తుంపర పడుతోంది, గదిలో పిల్లలు వరసగా వచ్చి చేతులు పెట్టి కిలకిలా నవ్వుతున్నారు, ఆ నవ్వుల మధ్య నేను ఏదో మాయ చేసినదాన్లా నిలబడి ఉన్నాను. చెయ్యి వేడిని కొలవదు, తన వేడితో పోల్చుకుంటుందంతే, అందుకే థర్మామీటరు కావలసివచ్చిందని చెప్పాను.

కొండపల్లిలో బొమ్మలు చేసేవారి అమ్మాయి ఒకతె, తన వంతు వచ్చినప్పుడు నవ్వలేదు. చేతులు నీళ్ళలోనే ఉంచి నా మొహం వంక చూసింది.

“టీచర్‌గారూ, వార్డెనమ్మగారి చెయ్యి పొయ్యి దగ్గర్నించే వస్తుంది కదండీ?” అంది. “పొద్దున్న మా చెల్లికి జ్వరం లేదన్నారండీ.”

ఆ చెల్లెలు ఆరో తరగతి, అదే హాస్టలు. బీరువాలోని పొడుగాటి లేబరేటరీ థర్మామీటరు తీసుకుని అక్క వెంట ఆరో తరగతి గదికి పరుగెత్తాను. పిల్ల బల్ల మీద తల పెట్టుకుని ఉంది. నిద్రపోతోందనుకుని ఆ తరగతి టీచరుగారు, ఆవిడ నాకంటే చాలా పెద్ద, జాలిపడి లేపలేదట. ఆ థర్మామీటరు డాక్టర్ల దగ్గరుండే రకం కాదు, బయటికి తీస్తే పాదరసం దిగిపోతుంది, అందుకని చంకలో ఉండగానే వంగి చూశాను. నలభై. పైకి చదివాను. పెద్ద టీచరుగారు నెమ్మదిగా, నలభయ్యే కదమ్మా అన్నారు. ఆవిడకేం తెలుసు, నలభై అంకె జ్వరానికి వాడగా ఎప్పుడు విన్నారు కనక! అక్క మాత్రం పెదాలు కదుపుతూ లెక్క కట్టింది. మూడువందల అరవై, డెబ్బై రెండు, ముప్పై రెండు. “నూట నాలుగండీ,” అని బావురుమంది. ఆ మాట వినగానే పెద్ద టీచరుగారు అక్కడే బల్లమీద కూలబడ్డారు.

రిక్షాలో ఆస్పత్రికి తీసుకువెళ్ళాం. టైఫాయిడ్ అన్నారు. ఎన్ని రోజులుగా నలుగుతోందోనని డాక్టరుగారు కోప్పడ్డారు, ఇంకా ఆలస్యం చేసి ఉంటే చెప్పలేమన్నారు. అక్కాచెల్లెళ్ళ తల్లిదండ్రులు కొండపల్లి నుంచి వచ్చేదాకా మా అత్తయ్య ఆ మంచం పక్కనుంచి కదల్లేదు, తడిగుడ్డలు మారుస్తూనే ఉంది. బతుకుతుందో లేదోనన్న భయం ఆ తల్లిదండ్రుల మొహాల్లోనూ, అత్తయ్య మొహంలోనూ ఒకేలా ఉంది. పిల్ల దక్కింది. జ్వరం దిగిందన్న రోజున నేను బడి వెనక్కి వెళ్ళి తనివితీరా ఏడ్చాను.

ఆ మర్నాడు అత్తయ్య మూడు బేసిన్లు తనే తెచ్చి నా ముందు పెట్టింది. ఆ పిల్లలకు చూపించింది నాకూ చూపించు అమ్మడూ, అంది. చూపించాను. మధ్య బేసిన్లో చేతులు అలాగే ఉంచుకుని, “ఇన్నేళ్ళలో ఎంతమందిని పొమ్మన్నానో,” అంది. పొయ్యి వేడిలో నీ తప్పేముందని ఎంత చెప్పినా వినిపించుకోలేదు. బెజవాడ నుంచి కొత్త థర్మామీటరు తెప్పించుకుంది. అది మొదలు ఆవిడ ఎవరి నుదుటి మీదా చెయ్యి పెట్టలేదు. పిల్లలు గుమ్మం దగ్గరికి వచ్చేవారు, ఆ గాజుపుల్ల నోట్లో పెట్టించుకునేవారు, తొంభై ఎనిమిది అనిపించుకుని వెళ్ళిపోయేవారు. కొన్నాళ్ళకి వచ్చేవాళ్ళే తగ్గిపోయారు. బెంగలు తగ్గి కాదని నాకు తెలుసు.

జబ్బు నయమై ఆ చిన్నపిల్ల మళ్ళీ హాస్టలుకి వచ్చింది, చిక్కి సగమై. నాలుగో రోజు పొద్దున గుమ్మంలో నిలబడింది. అత్తయ్య హడలిపోయి థర్మామీటరు పెట్టింది, ఏమీ లేదు. అయినా ఆ పిల్ల కదల్లేదు.

“చెయ్యి కూడా పెట్టండి వార్డెనమ్మగారూ.”

“నా చేతికి తెలీదమ్మా,” అంది అత్తయ్య.

“జ్వరం చూడ్డానిక్కాదండీ.”

అత్తయ్య కొంగుతో చేతులు తుడుచుకుని, అరచేతిని ఆ పిల్ల నుదుటి మీద పెట్టింది, చాలాసేపు తియ్యలేదు.

ఇప్పుడు జ్వరం చూడ్డానికి మనిషిని ముట్టుకోనక్కరలేదు. దూరంనుంచే అంకె తెలుస్తోంది, లెక్క తప్పదు, ఏ పిల్లా బల్లమీద తల వాల్చి మిగిలిపోదు. నేను జీవితమంతా చెప్పిన పాఠం గెలిచింది, నాకు సంతోషమే. కాకపోతే నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంటుంది, జ్వరం లేని నుదుటి మీద చెయ్యి పెట్టడానికి మనకున్న ఒకే ఒక్క వంక కాస్తా పోయిందేమోనని.