మాట తేటపడాలన్న ఆపరేటర్ చాచా

పోయిన శుక్రవారం పొద్దున చెట్లకు నీళ్ళు పోస్తుంటే మసీదు మైకులో చావు కబురు వినిపించింది. ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పారు. నాకు మొదటిసారికే పేరు స్పష్టంగా తెలిసింది. మా వెనక వీధి ఆపరేటర్ చాచా. నమాజుకని లేచి, కాళ్ళూ చేతులూ కడుక్కుని మంచం మీద కూర్చున్న మనిషి అలాగే పక్కకు ఒరిగిపోయారట. డెబ్బై ఎనిమిదేళ్ళు. ఆ మైకు గరగరలాడకుండా మాట్లాడుతోందంటే అది ఆయన చేతి చలవే. తన కబురు కూడా ఊరందరికీ తేటగా అందేలా చేసి వెళ్ళిపోయారు.

మెదక్‌లో ఏ సభలోనైనా వెనక వరసలో కూర్చుని, వక్త చెప్పిన ప్రతి మాటా మీకు అర్థమై ఉంటే, దాని వెనక చాచా ఉండి ఉంటారు. ఆయన పేరు మాత్రం ఏ కరపత్రంలోనూ ఉండేది కాదు.

ప్రభుత్వ ప్రచార వ్యానులో సినిమా ఆపరేటరుగా ఆయన ఉద్యోగం మొదలైంది. మలేరియా గురించి, విత్తనాల గురించి తీసిన చిన్న చిన్న ఫిల్ములు శివ్వంపేట నుంచి రేగోడ్ దాకా తిరిగి వేసేవారు. పాపన్నపేట దగ్గర ఒక పల్లెలో ఆట అయ్యాక, నాట్లు వేసి వచ్చి చివర కూర్చున్న ఆడవాళ్ళను "మంచిగున్నదా?" అని అడిగారట. ఒకామె, "బొమ్మ మంచిగనే ఆడింది బిడ్డా. గాయినె ఏం జెప్పిండో గదొక్కటే సమజ్ గాలే" అంది.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా చాచా తల అడ్డంగా ఊపేవారు. "నౌకరీల చేరి అప్పటికే ఆరేండ్లు. ఆరేండ్లు నేను మూగ సినిమాలే ఏసినట్టు టీచరమ్మా!"

ఆ తర్వాత నుంచి ఏ ఊళ్ళోనైనా ఆట మొదలవగానే ప్రొజెక్టరును డ్రైవరుకు అప్పగించి జనం చివరిదాకా నడిచి వెళ్ళేవారు. అక్కడ నిలబడి వినేవారు. ప్రొజెక్టరు పెట్టెలో ఉన్న స్పీకరు చాలదని తెలిస్తే బయట వేరే స్పీకర్లు కట్టడం తనంతట తాను నేర్చుకున్నారు. రిటైరయ్యాక వరండాలో బల్ల వేసుకుని ఊరి మైకులూ ఆంప్లిఫయర్లూ బాగుచేశారు. పనిముట్లన్నీ మూడు గిన్నెల టిఫిన్ క్యారియర్‌లో ఉండేవి. కింది గిన్నెలో స్క్రూలు, మధ్య గిన్నెలో వైర్లు, పై గిన్నెలో మాత్రం చాచీ పెట్టిన రొట్టెలు. ఎవరైనా ఇంటికొస్తే ముందు రేడియో కట్టేసేవారు. "ఇంట్ల రెండు మాటలు ఒక్కసారి మోగొద్దు" అనేవారు.

నాలుగేళ్ళ కిందట మా బడి సామాన్ల గది ఖాళీ చేస్తుంటే ఇనుప పెట్టెలో పాత ప్రొజెక్టరు, ఒకే ఒక్క ఫిల్ము రీలు దొరికాయి. ఎన్నడో హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళు మా బడి మీద తీసిన చిన్న సినిమా అది. అందులో హాస్టల్ వంటమ్మ మాట్లాడుతుందని అప్పటి విద్యార్థులు చెప్పారు. ఆ వంటమ్మ మా బడి ఆయమ్మకు కన్నతల్లి. ఆయమ్మకు తొమ్మిదేళ్ళప్పుడే ఆమె పోయింది. ఆ ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటి కూడా లేదు. ఆమె గొంతు ఎలా ఉండేదో ఆయమ్మకు గుర్తు లేదు.

పాత విద్యార్థుల కలయికలో ఆ సినిమా వేద్దామనుకున్నాం. చాచా ప్రొజెక్టరును విప్పి శుభ్రం చేసి, బెల్టులు మార్చి, బొమ్మ పడేలా చేశారు. దాని స్పీకరును మాత్రం ఎలుకలు కొట్టేశాయి. హాల్లో ఉన్న సౌండు సెట్టుకు కలపాలి. అందుకు రెండు వారాలు కావాలన్నారు. అప్పటికే అందరికీ కబుర్లు వెళ్ళిపోయాయి. మేము రెండు రోజులే ఇచ్చాం.

ఆ శనివారం మధ్యాహ్నం హాలు నిండిపోయింది. సౌండు సెట్టు అబ్బాయి ప్రొజెక్టరు వైరును తీసుకెళ్ళి మైకు పెట్టే చోట గుచ్చాడు. తెర మీద వంటగది కనిపించింది. కొంగు బిగించిన ఒకామె ఇటు తిరిగి ఏదో అంటోంది. పెదవులు కదులుతున్నాయి. స్పీకర్లలో నుంచి మాత్రం పిండిమర తిరుగుతున్నట్టు గుర్రుమని ఒకటే రొద. ముందు వరసలో ఆయమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చాచా ప్రొజెక్టరు ఆపేశారు.

"నడువనియ్యి, బొమ్మన్న చూస్తరు గదా!" అన్నారు మా కరస్పాండెంటు సారు.

"ఫిల్ము ఎండి పెళుసైంది సార్. ఇంకెన్నిసార్లు నడుస్తదో నాకే తెల్వదు. గీ రొదల నేను నడుప."

జనం గొణుక్కుంటూ లేచారు. ఆయమ్మ ఎవరివంకా చూడకుండా వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. బయట ఆయన్ను పట్టుకుని, "గిదేంది చాచా, అందరి ముందట మమ్మల్ని గిట్ల చిన్నబుచ్చిండ్రు?" అన్నాను.

ఆయన కోప్పడలేదు. "నన్ను తిట్టుండ్రి టీచరమ్మా, పర్వాలేదు. గాయమ్మకు తల్లి గొంతు మొదటిసారి గట్ల ఇనబడొద్దు" అన్నారు.

సోమవారం నుంచి బడి అయ్యాక వాళ్ళ వరండాలోకి వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టాను. సైన్సు పాఠాలు ముప్పై ఏళ్ళు చెప్పినదాన్ని, ఆ మూడు వారాల్లో నేర్చుకున్నంత ఎప్పుడూ నేర్చుకోలేదు. ఫిల్ము అంచున సన్నటి గీతగా శబ్దం ఉంటుందని, దాని మీద చిన్న బల్బు వెలుగు పడి అవతల కరెంటుగా మారుతుందని చూపించారు. ఆ కరెంటును ప్రొజెక్టరే పెంచి స్పీకరుకు పంపుతుంది. అంత పెరిగిన దాన్ని మళ్ళీ మైకు దారిలో పోస్తే ఏమవుతుంది?

"మంజీర మీదికొచ్చినప్పుడు ఆ నీళ్ళన్నీ ఒక్క మడిలకు ఇడుస్తమా?" అన్నారు. "తూము పెట్టాలె."

ఆయన పెట్టిన తూము అరచేతిలో పట్టే రేకు డబ్బా. స్పీకరు లేకపోతే ప్రొజెక్టరు లోపలి భాగం కాలిపోయే ప్రమాదముందని, స్పీకరుకు బదులుగా ఆ బరువు మోసే ఒక రెసిస్టరు అందులో బిగించారు. శబ్దాన్ని తగ్గించే చిన్నవి ఇంకో రెండు. వాటి పక్కన ఒక బుల్లి ట్రాన్స్‌ఫార్మరు. దానివల్ల రెండు యంత్రాలూ ఒకదానికొకటి వైరుతో తగలకుండానే శబ్దం ఇటు నుంచి అటు దాటుతుందట. రెండింటికీ కరెంటు ఒకే బోర్డు నుంచి తీసుకోవాలని కూడా తేల్చారు. అయినా కొంత గుర్రు మిగిలింది. అది శబ్దం చదివే ఆ చిన్న బల్బు దగ్గర పుడుతోందని పట్టుకోవడానికే వారం పట్టింది. బల్బుకు విడిగా బ్యాటరీతో కరెంటు ఇచ్చాక ఆగిపోయింది. ఇదంతా తన దగ్గరున్న పనికిరాని ముక్క ఫిల్ము మీద చేశారు. వంటమ్మ రీలును ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

"చాలు చాచా, బాగనే ఉన్నది" అని నేను రెండుసార్లు అన్నాను. "సప్పుడు పెంచుడు ఎవలైన పెంచుతరు. మాట తేటపడాలె" అని మళ్ళీ విప్పేవారు.

ఒక బుధవారం మధ్యాహ్నం, బడికి సెలవున్న రోజు, కబురు చేశారు. ఈసారి హాల్లో పదిమందిమి ఉన్నాం. కరస్పాండెంటు సారు స్వయంగా ఆయమ్మను వెంటబెట్టుకొచ్చారు. ఆయమ్మ ముందు కూర్చోబోతే చాచా, "లేదమ్మా, జర చివర్ల కూసోండ్రి" అన్నారు. ముక్క ఫిల్ము నడిపి, స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి, ఆయమ్మ ముఖం వంకే చూస్తున్నారు. నేను ఆయన పక్కకు వెళ్ళి ఎందుకని అడిగాను.

"కుడి చెవు ఎన్నడో పోయింది టీచరమ్మా. ఎడమది సగం పని చేస్తది. గుర్రు చేతికి తెలుస్తది. మాట తేటగున్నదా లేదా అన్నది గా చివర కూసున్నోళ్ళ మొఖం జెప్తది."

మూడు వారాలు ఆయన పక్కనే కూర్చున్నాను. నాకు ఆ సంగతి తెలియనే లేదు.

రీలు ఎక్కించారు. నా ఫోన్లో శబ్దం నేరుగా రికార్డయ్యేలా ఇంకో వైరు కలిపారు. తెర మీద అదే వంటగది. కొంగు బిగించిన ఆమె గరిటె పట్టుకుని కెమెరా వంక తిరిగింది. హాలంతా ఆమె గొంతు నిండింది. కొంచెం బొంగురు గొంతు. చివర నవ్వు కలిసిన గొంతు.

"గీ ఫోటువలు తర్వాత తియ్యుండ్రి. ముందుగాల అన్నం తినుండ్రి, సల్లారిపోతది."

ఆయమ్మ కూర్చున్నచోటనే ముందుకు వంగింది. "తింటరే అమ్మా, తింటరు" అంది తెర వంక చూస్తూ. అరవై దాటిన మనిషి చిన్నపిల్లలా అంది. చాచా పెట్టె మీద చెయ్యి తియ్యలేదు, ఆమె ముఖం మీద నుంచి చూపూ తిప్పలేదు. ఆమె కళ్ళు తుడుచుకుని తల ఊపాకే ఆయన ఊపిరి వదిలారు.

సినిమా పదకొండు నిమిషాలు. రీలు ఎక్కడా తెగలేదు. కరస్పాండెంటు సారు వచ్చి చాచా రెండు చేతులూ పట్టుకుని, "ఆనాడు నేనే తొందరపడ్డ" అన్నారు. చాచా నవ్వి, వైర్లు చుట్టుకోవడంలో పడిపోయారు.

ఆ రోజు నేను హాలు తాళం వేసి బయటికొచ్చేసరికి వాళ్ళిద్దరూ రోడ్డు మీద నడుస్తున్నారు. ఆయమ్మ ఏదో చెబుతోంది. చాచా నిలబడి, ఆమెను తన ఎడమ పక్కకు రమ్మని చేత్తో చూపించారు. ఆమె అటు మారింది. అమ్మ గురించే చెబుతోందని ఆమె చేతుల ఊపులో తెలుస్తోంది. ఆటోలు హారన్లు కొడుతూ పక్కనుంచి పోతున్నాయి. చాచా తల ఆమె వైపు వంచి, ఒక్క మాట కూడా పోనివ్వకుండా, మెల్లగా నడుస్తున్నారు.